రేకు విప్పిన ఇంజిన్

బచ్చన్నపేటలో పోశాలు ఆటోను ఎరగనివాళ్ళు లేరు. నీళ్ళతో పనిలేని పాత డీజిల్ బండి. ఫంకా తోసే గాలిని ఒక రేకు తొడుగు ఇంజిన్ చుట్టూ ఉన్న ఇనుప రెక్కల సందుల్లోకి నడిపిస్తుంది. దానికి చల్లదనం అదే. మా వాడలో ఒక పెళ్ళికి ఆ ఇంజిన్ మీదే పప్పు ఉడికించామని నేను చెబితే సగం ఊరు నమ్మింది. మిగతా సగం ఉప్పు తక్కువైందని కూడా అంది.

పత్తి బోరాలు మోసీ మోసీ ఆ సందుల్లో దూది ఇరుక్కునేది. బండి ఆగిన చోటల్లా పోశాలు చీపురుపుల్లతో గీకేవాడు. తన పళ్ళనైనా అంత శ్రద్ధగా తోముకునేవాడు కాదు.

అతని భార్య అండాలుకు కిడ్నీలు చెడిపోయాయి. రక్తం శుభ్రం చేయించుకోవడానికి రోజు విడిచి రోజు జనగామ దవాఖానకు పోవాలి. ఆలస్యమైతే ఆమె మిషను ఇంకొకరికి పోతుంది. ఇక ఆ బండి దారిలో ఆగడానికి వీల్లేదు.

ఎండలు ముదిరాక ఇంజిన్ మాడు వాసన కొట్టసాగింది. చాయ్ హోటల్ సాంబయ్య ఊరుకోలేదు.

"నువ్వేమో అంగీ ఇప్పి కూసున్నవ్, దానికి రేకంగీ తొడిగినవ్. అదేం పాపం జేసిందే?"

అందరూ నవ్వారు. పోశాలు నవ్వలేదు. ఇంటికి పోయి రేకు విప్పాడు, లోపల గడ్డకట్టిన దూదంతా తీశాడు. రేకును మాత్రం అటకెక్కించాడు.

"అది ఎందుకు పెట్టిన్రో ఎవల్నన్న అడిగినవా?" అంది అండాలు.

"అడిగేదేంది? గాలి ఎట్లొచ్చినా గాలే గదా."

మరునాడు అండాలును ఎక్కించుకుని పోతుంటే జనగామ దారిలో, చుట్టూ దున్ని వదిలేసిన చెలకల మధ్య, ఇంజిన్ ఒక్క మూలుగు మూలిగి బిగుసుకుపోయింది.

"ఏమయ్యా, ఎందుకాపినవ్?"

"నేనాపలే."

అండాలు దగ్గర చిన్న సీసాలో నీళ్ళున్నాయి. డాక్టరు కొలిచి తాగమన్న నీళ్ళు. పోశాలు అడగకముందే చేతికిచ్చింది. ఇంజిన్ మీద పోస్తే బుస్సుమని ఆవిరి లేచింది. అంతే.

ఎవరి బండో పట్టుకుని చేరేసరికి మిషను మీద ఇంకొకరున్నారు. మరునాడు చోటు దొరికేదాకా అండాలు ఊపిరాడక, పడుకోలేక, గోడకు ఆనుకునే కూర్చుంది. బతికింది గానీ ఆ తర్వాత ఒంటరిగా మెట్టు ఎక్కలేకపోయింది.

బండి చూసిన మేస్త్రీ మొదట అడిగిన మాట: "రేకేది అన్నా? అది లేకుంటే ఫంకా గాలి ఇంజిన్‌కు తాకనే తాకదు."

పోశాలు రేకును అటక మీంచి దింపి, కదలని ఇంజిన్‌కు మళ్ళీ బిగించాడు.

ఇప్పుడు వాళ్ళిద్దరూ మా ఊరి కుర్రాడు దేవేందర్ కొత్త ఆటోలో దవాఖానకు పోతున్నారు. అది నీళ్ళతో చల్లబడే బండి. మొన్న నేనూ అందులోనే ఉన్నాను. సగం దారిలో పోశాలు ముందుకు వంగాడు.

"జర ఆపు తమ్మీ. సల్లారనీ."

దేవేందర్ అద్దంలో చూశాడు. అండాలు భర్త వైపు చూడలేదు.

"నువ్వు పోనియ్యి, బిడ్డా" అంది.