కొడవలి గాటు ఉన్న వేలు

నా రాత వంకర, అక్షరాల్లో తప్పులుంటాయి. ఐదో తరగతితో ఆగిన చదువు నాది, ఏమీ అనుకోకండి. మా వదిన పోయిన మంగళవారం చనిపోయింది.

మాది బొంతపల్లి అవతల, అడవి అంచున ఉన్న లంబాడీ తండా. పాడె దగ్గర మా అడవి సంఘం పాత అధ్యక్షుడు "మా తల్లి లెక్కనుండె" అంటూ కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. అదే నోరు ఆమెను ఏమన్నదో నేను విన్నాను.

అడవిని కాపాడాలని సర్కారు పెట్టించిన ఆ సంఘంలో ఇంటికి ఒక మగ, ఒక ఆడ ఉండాలని రూలు. మగవాళ్లు బొల్లారం కంపెనీల్లో షిఫ్టు దిగి వచ్చి చెట్ల గురించి తీర్మానాలు చేసేవారు. రోజూ అడవి తిరిగేది ఆడవాళ్లు. వాళ్లను మీటింగుకు పిలిచినవాడు లేడు. రిజిస్టరు, ఇంకు ప్యాడు పట్టుకుని ఇంటింటికీ పోయి వాళ్ల వేలిముద్రలు తేవడం నా పని.

వదిన ఒక్కతే ఇచ్చేది కాదు. "ఇనని మాటకు వేలెందుకిస్త, మరిదీ? కూసోబెట్టుమను, ఇన్నంక ఇస్త" అనేది.

ఒక ఏడు గుట్ట మీది సీతాఫలం చెట్లు కొట్టేసి నీలగిరి నాటాలని తీర్మానం రాశారు. ఆ పండ్లు గంపకెత్తి పటాన్‌చెరు రోడ్డు మీద అమ్ముకునే బతుకు మా ఆడవాళ్లది. "ఒక్క ముద్ర తక్కువైనా నీ మొకం సూపియ్యకు" అని అధ్యక్షుడు నన్ను గద్దించాడు. ఎదురు చెప్పే నోరు నాకు ఎన్నడూ లేదు. వదిన పేరు ఎదురుగా నా వేలే అద్దాను.

మీటింగుకు అడవి ఆఫీసరు వచ్చాడు. పిలవకుండానే వదిన కూడా వచ్చి మగవాళ్ల చాప మీద కూర్చుంది.

"ఏందమ్మో, ఇగ మీసాలు గుడ పెంచుతరా?" అన్నాడు అధ్యక్షుడు. అందరూ నవ్వారు.

"మీసమున్నోళ్లు గుట్టెక్కి ఎన్నేండ్లాయె? ఏ దిక్కు చెట్టు ముందుగాల కాస్తదో చెప్పు, లేసి పోత."

"నోరు మూస్కో. నీ వేలు గుడ పడ్డది" అని అధ్యక్షుడు రిజిస్టరు ఆమె ముందు పడేశాడు.

వదిన ఆ ముద్ర మీదికి వంగి చూసింది. ప్యాడు లాక్కుని పక్కనే తన బొటనవేలు అద్దింది. ముద్ర నడుమ అడ్డంగా తెల్ల గీత, ఎప్పుడో గడ్డి కోస్తుంటే తెగిన కొడవలి గాటు.

"సారూ, ఆ ముద్రల గాటేది?"

ఆఫీసరు రెండూ పోల్చి చూసి తీర్మానం కొట్టేశాడు. అది ఎవరి వేలని అడిగితే నేను తల వంచుకున్నాను. అధ్యక్షుడు ఆమెను ఒక మాట అన్నాడు. అది ఇక్కడ రాయలేను. ఎవరూ అడ్డుపడలేదు. నేనూ పడలేదు.

తిరిగి వస్తుంటే దారిలో ఆమె అన్నది ఇంతే: "ఆ ముద్ర మస్తు మెత్తగున్నది, మరిదీ. గడ్డి కోసిన వేలు గాదది."

తెల్లారి నా చేతికి ఒక కొడవలి ఇచ్చి "పా" అంది. గుట్ట మీద ఏ చెట్టు ఎప్పుడు కాస్తుందో ఆమె వెనక నడిచే నేర్చుకున్నాను. ఆ తర్వాత మీటింగుల్లో ఆడవాళ్లకు చాప వేసింది నేనే. తిట్లు మాత్రం వాళ్లే పడ్డారు.

ఆ వేలు నాదని ఆమెకు నోరు తెరిచి చెప్పలేదు. మొన్న పాడె ఎక్కించే ముందు ఆమె చేతి బొటనవేళ్లు రెండూ కలిపి కట్టమని దారం నాకే ఇచ్చారు. ముడి వేశాను. గాటు దారం పక్కన తెల్లగా కనిపిస్తూనే ఉంది.

ఇది చదివే అమ్మలారా, మీ ఊరి సంఘం రిజిస్టరులో మీ పేరు ఎదురుగా పడిన వేలు మీదేనా? పోయి చూడండి. చూసి జల్దీ నాకో ఉత్తరం రాయండి.