నల్లా గట్టు మీద ఒట్టు

నా చిన్నప్పుడు, అంటే తొమ్మిదేళ్లో పదేళ్లో ఉంటాయి, ఒక మాటను రెండు రోజులు కడుపులో పెట్టుకుని తిరిగాను. ఆ రెండు రోజులూ అన్నం సరిగ్గా తినలేదు, బడిలో వచ్చిన ఎక్కాలు కూడా తప్పాను, మా అమ్మ దగ్గితే చాలు నా ప్రాణం పోయినంత పనయ్యేది. ఇప్పుడు నాకు అరవై దాటాయి. మోకాళ్లు మాట వినడం లేదు, పేర్లు గుర్తుండడం లేదు, స్టవ్వు మీద పాలు పెట్టి పొంగబెడుతున్నానని కోడలు సణుగుతూనే ఉంది. ఆ రెండు రోజులు మాత్రం గంట గంటా గుర్తున్నాయి.

మేము చిలకలగూడలో ఉండేవాళ్లం. ఒకే వాకిలి, చుట్టూ నాలుగు పోర్షన్లు, మధ్యలో అందరికీ కలిపి ఒక నల్లా, అదే నీళ్ల కొళాయి. పోర్షన్ అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక గది, దాని వెనక వంటకి ఇంకాస్త జాగా, అంతే. ఒక ఇంట్లో పోపు వేస్తే నాలుగిళ్లలో తుమ్ములు. అంత ఇరుకులో ఎవరూ ఏదీ దాచుకోలేరని అనుకుంటారు గానీ అదేం లేదు. ఇరుకులో ఉన్నవాళ్లే ఎక్కువ దాచుకుంటారు, మనసులో తప్ప వాళ్లకి దాచుకునే జాగా వేరే ఉండదు.

పక్కింటి అక్కకి అప్పుడు పంతొమ్మిదేళ్లు. అంతకు ముందు ఏడాది వాళ్లమ్మ పోయింది. అక్క కాలేజీ మానేసి నాన్నకీ ఇద్దరు తమ్ముళ్లకీ వండి పెట్టడం మొదలుపెట్టింది. వాళ్ల నాన్న ప్రెస్సులో అచ్చు పని చేసేవాడు. మంచివాడే, కాకపోతే భార్య పోయాక ఇంట్లో మాట్లాడడమే మానేశాడు. వాకిట్లో ఆడవాళ్లంతా 'ఎంత ఓపికే ఈ పిల్లకు' అని మెచ్చుకునేవాళ్లు. మెచ్చుకుని ఎవరి పని మీద వాళ్లు పోయేవాళ్లు.

అక్క మొదట్లో ఆ మాటకి నవ్వేది. తర్వాత్తర్వాత నవ్వడం మానేసింది. తల దువ్వుకునేది కాదు. మధ్యాహ్నం పూట తలుపు ఓరగా వేసుకుని గోడకేసి తిరిగి పడుకునేది, పిలిస్తే పలకడానికి చాలాసేపు పట్టేది. నేను ఇదంతా చూశాను గానీ నాకేం తెలుసు. ఆమె బాధకి కారణం ఏమిటో ఒక్కటి చెప్పమంటే ఇప్పటికీ చెప్పలేను. అమ్మ పోవడం ఒక్కటే కాదు, చదువు ఆగడం ఒక్కటే కాదు, నిద్ర పట్టకపోవడం ఒక్కటే కాదు. అన్నీ కలిసి ఆమె మీద కూర్చున్నాయి, ఆమె లేవలేకపోయింది.

ఒక శుక్రవారం బడి నుంచి రాగానే అక్క నన్ను లోపలికి పిలిచింది. కాలేజీలో రాసుకున్న ఇంకు పెన్ను, రిబ్బన్ల డబ్బా, ఆకుపచ్చ గాజులు, అన్నీ నా ఒళ్లో పెట్టింది. ఆ పెన్ను మీద నాకు ఎప్పటి నుంచో కన్ను. నేను సంబరపడిపోయి, నీకు వద్దా అక్కా అన్నాను.

"నాకెందుకే. నేనింక ఎక్కువ రోజులుండ" అంది.

ఊరికి పోతున్నావా అని అడిగాను. మా అమ్మ కాడికి అంది. వాళ్లమ్మ ఎక్కడుందో నాకు తెలుసు. పెన్ను చేతిలో అలాగే ఉండిపోయింది. అక్క నా చెయ్యి పట్టుకుని నా గొంతు దగ్గర పెట్టి, ఎవరికీ చెప్పనని ఒట్టు వెయ్యమంది. మా రోజుల్లో ఒట్టంటే ఆట కాదు. గొంతు దగ్గర చర్మం రెండు వేళ్లతో పట్టుకుని 'అమ్మతోడు' అనాలి. అన్నాక మాట తప్పితే అమ్మ చచ్చిపోతుంది. ఇందులో నాకు ఇసుమంత అనుమానం కూడా లేదు. నేను అమ్మతోడు అన్నాను.

ఆ తర్వాత నా గతి ఏమైందో చూడండి. చెబితే మా అమ్మ పోతుంది, చెప్పకపోతే అక్క పోతుంది. ఎటు తిరిగినా ఎవరో ఒకరు పోతారు, ఆ పోగొట్టేది నేనే. బడిలో కూర్చుంటే అక్క ఏం చేసుకుంటుందోనని భయం, ఇంటికొచ్చి అక్కని చూస్తే నోరు జారుతానేమోనని భయం. నీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లినా అమ్మ కొంగు పట్టుకునే వెళ్లాను. ఏమైందే నీకు, జిడ్డులాగ పట్టుకున్నావని అమ్మ కసిరింది. ఆమెను బతికించడానికే పట్టుకున్నానని ఎలా చెప్పేది?

ఒట్టు నుంచి బయటపడే దారి ఒకటి నాకు తెలుసు. ఒట్టు తీసి గట్టు మీద పెట్టాలి, పిల్లలందరికీ తెలిసిన సంగతే. కానీ చిలకలగూడలో గట్టెక్కడిది? పొలం లేదు, చెరువు లేదు. శనివారం బడి విడిచాక గల్లీలన్నీ గట్టు కోసం వెతికాను. నవ్వకండి, నిజంగానే వెతికాను. ఇంటి ముందు మోరీ ఉంది. మోరీ అంచు గట్టు కిందికి వస్తుందేమో అనిపించింది గానీ, ఆ మురికి నీళ్ల పక్కన మా అమ్మ ప్రాణం పెట్టడానికి మనసొప్పలేదు. ఏడుపు మింగుకుంటూ ఇంటికొచ్చేశాను.

ఎదురింటి ఖాలా కనిపెట్టింది. ఖాలా అంటే ఉర్దూలో పిన్ని, వాకిట్లో పిల్లలందరం అలాగే పిలిచేవాళ్లం. ఆమె దర్జీ షాపు నుంచి జాకెట్లు తెచ్చుకుని గుమ్మంలో కూర్చుని హుక్కులు, కాజాలు కుట్టేది. ఆదివారం పూట ఆమె పక్కన కూర్చుని హుక్కులు అందించడం నా పని, నోటికొచ్చిందల్లా వాగడం నా జీతం. ఆ ఆదివారం అరగంట సేపు నేను ఒక్క మాటా మాట్లాడలేదు. లోపల మా అమ్మ దగ్గితే ఉలిక్కిపడి హుక్కులన్నీ కింద పోశాను.

"ఏందే, గిట్లున్నవ్? ఎవలన్న కొట్టిన్రా?"

లేదని తల ఊపాను.

"మరి ఒట్టు పెట్టిన్రా?"

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎవరి మీద అని అడిగింది. మా అమ్మ మీద అన్నాను. ఆ ఒక్క మాటకే ఒట్టు తప్పిందేమోనని లేచి పరిగెత్తి, అమ్మ ఊపిరి తీస్తోందో లేదో చూసి వచ్చి మళ్లీ కూర్చున్నాను.

ఇంకెవరైనా అయితే చెప్తావా తన్నమంటావా అని గదిమేవాళ్లు, లేకపోతే ఒట్టూ లేదు గిట్టూ లేదు పొమ్మని నవ్వేసేవాళ్లు. గదిమినా నవ్వినా నేను చెప్పేదాన్ని కాదు. ఖాలా నా భయాన్ని నిజం భయంలాగే చూసింది. సూదిని గుడ్డకి గుచ్చి పక్కన పెట్టి, ఒట్టు తీసి గట్టు మీద పెట్టరాదా అంది. మనకి గట్టు లేదు ఖాలా అన్నాను. ఆమె కాసేపు నిజంగానే ఆలోచించింది.

"నల్లా కాడ ఉన్నది ఏందే మరి? గట్టు గాదా?"

నల్లా చుట్టూ నీళ్లు పారకుండా జానెడెత్తు సిమెంటు అంచు కట్టి ఉండేది. రోజూ పొద్దున దాని మీద కూర్చునే పళ్లు తోముకున్నాను, అది గట్టని నాకు ఒక్కనాడూ తట్టలేదు. ఖాలా నన్ను అక్కడికి తీసుకెళ్లింది. నల్లా వచ్చే టైము కాదు, వాకిట్లో ఎవరూ లేరు. గొంతు దగ్గర రెండు వేళ్లతో పట్టుకున్నదాన్ని తీసి సిమెంటు మీద పెట్టి అరచేత్తో నొక్కమంది. జారిపోకుండా మంచిగా పెట్టు బేటా అని తను కూడా చెయ్యి వేసి నొక్కింది. ఆమె మొహం చూసే ధైర్యం లేక నల్లా వైపు తిరిగి అంతా చెప్పేశాను.

ఖాలా అదిరిపడలేదు. మంచి పని చేశావని నా తల నిమిరింది. "ఇంక గిది నా పని. నువ్వు పొయ్యి మీ అమ్మ కాడ కూసో" అని, ముగ్గురు పిల్లల తల్లి, పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే దాన్ని కూడా దించకుండా నేరుగా అక్క వాళ్ల గుమ్మంలోకి నడిచింది. నేను అమ్మ దగ్గరికి పోలేదు. గోడ పక్కన నిలబడి విన్నాను, చెప్పొద్దూ, నాకు ఆ బుద్ధి ఇప్పటికీ పోలేదు.

ఖాలా అటూ ఇటూ తిప్పలేదు. అక్క పక్కన చాప మీద కూర్చుని మామూలు గొంతుతో అడిగింది.

"సచ్చిపోవాలనిపిస్తుందా బిడ్డా?"

ఆ మాట ఎవరైనా అలా పైకి అంటారా? అంటే అది నిజమైపోదా? అక్క, అనిపిస్తుంది ఖాలా అంది. ఖాలా అరవలేదు, తిట్టలేదు, తమ్ముళ్ల మొహం చూడమని చెప్పలేదు. జ్వరం గురించి అడిగినట్టు, ఎప్పటి నుంచి అని అడిగింది. అప్పుడు అక్క ఏడ్చింది. వాళ్లమ్మ పోయిన రోజు కూడా నేను అంత ఏడుపు వినలేదు. ఆ ఏడుపు మధ్యలో మాటలు వచ్చాయి, ఒకటి తర్వాత ఒకటి, ఏడాది మాటలు. ఖాలా ఇంట్లో అన్నం మాడిన వాసన వాకిలంతా నిండింది గానీ ఆమె లేవలేదు.

సాయంత్రం అక్క వాళ్ల నాన్న వస్తే ఖాలా వాకిట్లోనే ఆపి చెప్పింది. ఆయన మొహం పాలిపోయింది. నలుగురికీ తెలిస్తే ఇజ్జత్ పోతుందమ్మా, మెల్లగా మాట్లాడమని బతిమాలాడు.

"ఇజ్జత్ సంగతి తర్వాత జూద్దం అన్నా. ముందుగాల పిల్ల ఉండాలె."

ఆయన నల్లా గట్టు మీద కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఆ రాత్రే అక్కని ఖాలా తన ఇంట్లో తన పక్కన పడుకోబెట్టుకుంది, ప్రమాదమైన వస్తువులన్నీ ఆ రెండిళ్లలోంచీ తీయించింది. మర్నాడు ఆమె, అక్క వాళ్ల నాన్న కలిసి అక్కని మారేడ్‌పల్లిలో మనసు జబ్బులు చూసే డాక్టరు దగ్గరికి రిక్షాలో తీసుకెళ్లారు. మందులు ఇచ్చారు, వారం వారం రమ్మన్నారు. ఆ తర్వాత చాలా రోజులు అక్కని ఒంటరిగా వదల్లేదు. ఖాలా జాకెట్లు తెచ్చుకుని కూర్చునేది, మా అమ్మ బియ్యం చాట తెచ్చుకుని కూర్చునేది. కాపలా కాస్తున్నట్టు కాదు, పని చేసుకుంటూ కూర్చునేవాళ్లు. అక్క మాట్లాడితే మాట్లాడేది, లేకపోతే లేదు.

నా కథ అక్కడితో తేలిపోలేదు. మూడో రోజు మా అమ్మకి జ్వరం వచ్చింది. ఇంకేముంది, అయిపోయిందనుకున్నాను. మంచం కింద దూరి ఏడుస్తుంటే ఖాలా వచ్చి వంగి చూసింది. విషయం చెబితే నవ్వలేదు. "ఒట్టు గట్టు మీదనే ఉన్నది బేటా, పొద్దుగాల నీళ్లు పట్టేటప్పుడు చూసిన" అంది. తర్వాత తను కూడా కింద కూర్చుని, మనిషి ప్రాణం పోయే సంగతి దాచమని ఎవరు ఒట్టు పెట్టినా అది అంటుకోదని, అలాంటి మాట పిల్లలు మోసేది కాదని, పరిగెత్తుకొచ్చి పెద్దవాళ్ల చేతుల్లో పెట్టేదని నిదానంగా చెప్పింది. ఒకరు వినకపోతే ఇంకొకరి దగ్గరికి పొమ్మంది. రెండు రోజుల్లో అమ్మ లేచి నన్ను మామూలుగా తిట్టింది. ఆ తిట్లు నాకెంత కమ్మగా ఉన్నాయో చెప్పలేను.

అక్క మాత్రం నన్ను క్షమించలేదు. కాస్త తేరుకున్నాక ఒక రోజు నల్లా దగ్గర, నిన్ను నమ్మి చెప్పిన అని ఒక్క మాట అని బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది. ఏడాది పైన నాతో మాట్లాడలేదు. నేను పెన్ను గుమ్మంలో పెట్టి వస్తే తీసుకుంది, నా వైపు చూడలేదు. చాలా ఏడ్చాను. చేసింది తప్పా అని ఖాలాని అడిగితే, అలిగింది గదా, అలగనీయ్, అలిగేటందుకు ఉన్నది గదా అంది. ఆ వయసులో ఆ మాట నాకు సగమే అర్థమైంది.

అక్క ఒక్కసారిగా బాగుపడిందని చెబితే అబద్ధమవుతుంది. మధ్యలో మళ్లీ చీకటి రోజులు వచ్చాయి, మళ్లీ డాక్టరు, మళ్లీ చాపలు. రెండో సారి మాత్రం ఆమే వచ్చి ఖాలా తలుపు కొట్టింది. తర్వాత చదువు పూర్తి చేసింది, ఉద్యోగం చేసింది, ఇప్పుడు నేరేడ్‌మెట్‌లో ఉంటోంది. ఖాలా పోయి చాలా ఏళ్లయింది. నేను బడిలో ముప్పయ్యేళ్లు పాఠాలు చెప్పాను. ఎవరికీ చెప్పనని ఒట్టు వెయ్యండి టీచర్ అంటూ ఏ పిల్ల వచ్చినా, ఒట్టు వెయ్యను, చెప్పు, వింటాను, నిన్ను వదిలి పోను అనేదాన్ని. అనుమానమొస్తే ఖాలా అడిగినట్టే నేరుగా అడిగాను. కొందరు అవునన్నారు. కొందరు అదేం లేదని నవ్వారు. అడిగినందుకు ఒక్కరికీ చెడు జరగలేదు. వాళ్ల ఇళ్లకి నడిచాను, ఆస్పత్రికి వెంటబెట్టుకుని వెళ్లాను, కొందరు తల్లిదండ్రుల చేత తిట్లూ తిన్నాను.

పోయిన నెల అక్క ఫోన్ చేసింది. ఆమె మోకాలి ఆపరేషన్ సంగతి నేను వాళ్ల తమ్ముడికి చెప్పేశానని అరగంట చీవాట్లు పెట్టింది. నీ నోట్ల నువ్వుగింజ నానదే, చిన్నప్పట్నుంచి గంతే నువ్వు అంది. అని ఆగిపోయింది. నేనూ ఆగిపోయాను. ఇద్దరికీ ఒకే సంగతి గుర్తొచ్చిందని తెలుస్తూనే ఉంది. కాసేపటికి ఆమే, ఇంకేం వండినవ్ అని అడిగింది.

నోట్లో నువ్వుగింజ నానదని నాకు పేరు. ఆ పేరు పెట్టడానికి ఆ అక్క ఉంది. నాకది చాలు.