తోమిన తూటాలు

తండ్రి పోయాక లైసెన్సు తన పేరుకు మారేదాకా చిక్కమునియప్ప తుపాకీని, పది తూటాలను ఊరి పోలీసు స్టేషన్‌లో అప్పజెప్పాల్సి వచ్చింది. పద్నాలుగు నెలలు అక్కడే ఉన్నాయి. తిరిగి ఇచ్చిన రోజు తూటాల అట్టపెట్టె అడుగున నీళ్లు. రైటరు ఒక కాగితం ముందుకు తోశాడు. అన్నీ మంచి స్థితిలో ముట్టాయని అందులో ముందే రాసి ఉంది.

“తడిసి ఉండాయి సార్,” అన్నాడట ఈయన.

“సంతకం పెడతావా, ఇంకో ఏడాది ఇక్కడే ఉంచమంటావా?”

పెట్టాడు. ఆ రోజు నుంచి ఆ కాగితం ప్రకారం తూటాలు తడవడం ఆయన తప్పు.

వాళ్ల నాన్న దేవనహళ్ళి పక్కన ద్రాక్షతోటలకు కాపలా ఉండేవాడు. తోటలు లేఅవుట్లయ్యాయి. జోడు గొట్టాల తుపాకీ ఒకటి మిగిలింది. బెంగళూరులో సొంత తుపాకీ ఉన్న ముసలివాడికి దొరికే ఉద్యోగం ఒకటుంది, ఏటీఎంలకు డబ్బు తీసుకెళ్లే వ్యానులో గన్‌మ్యాన్. ఏజెన్సీ వాళ్లు తుపాకీ ఇవ్వరు. ఎవరి తుపాకీ వాళ్లే తెచ్చుకోవాలి. నిజం చెప్పాలంటే వాళ్లు తుపాకీని ఉద్యోగంలోకి తీసుకుంటారు, దాన్ని మొయ్యడానికి మనిషి వెంట వస్తాడు.

నేను అదే వ్యానులో పెట్టెలు ఎత్తేవాణ్ణి. మూడేళ్లు పక్కపక్కనే కూర్చున్నాం. డ్రైవరు పిల్లప్ప రోజూ ఆయన్ను గిల్లేవాడు.

“మామా, దొంగలొస్తే అది పేలుతుందా, మేమే నోటితో ఢాం అనల్లా?”

“నీ పెండ్లికి పేలుస్తా లేరా. పిల్లనిచ్చేవాడు యాడన్నా ఉండాడేమో ముందు చూసుకో.”

నవ్వేవాళ్లం. అది పేలుతుందో లేదో ఆయనకూ తెలియదని నాకు తర్వాత తెలిసింది.

స్టేషన్ చేసింది సగమే. మిగతా సగం మేం చేశాం. ఏటా ఆయుధపూజకు ఏజెన్సీ ఆఫీసులో తుపాకులన్నీ బల్ల మీద పెట్టేవాళ్లు. తూటాలను వరసగా నిలబెట్టి, ఇత్తడి అడుగులకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, మామిడాకుతో నీళ్లు చల్లేవాళ్లు. దేవుడికి పెట్టిన కుంకుమ తుడవకూడదని ఆయన తడి తూటాలను అలాగే తోలుపట్టీలో దోపుకునేవాడు. ఒక ఏడు ఆ నీళ్లు చల్లింది నేనే.

పోయిన ఏడాది ఇంకెవరి వ్యానునో దొంగలు ఆపారు. ఆ గన్‌మ్యాన్ తుపాకీ పేలలేదు. దాంతో మా ఏజెన్సీకి భయం పట్టుకుంది. పది రోజుల్లో ప్రతి గన్‌మ్యానూ సర్జాపుర అవతలి రాతిక్వారీలో రెండు గుళ్లు కాల్చి చూపించాలి. చూపించలేనివాడు మరుసటి రోజు రానక్కర్లేదు.

చిక్కమునియప్ప పట్టీలోంచి తూటాలు తీశాడు. నాలుగు కాస్త మసకబారాయి, అంతే. ఆరింటికి పచ్చగా చిలుము పట్టింది. గోటితో గీరితే పొడి రాలింది, కింద ఇత్తడి గుంటలు పడి ఉంది.

నగరంలో ఉన్న తుపాకుల కొట్టుకు ఇద్దరం వెళ్లాం. కొట్టాయన కళ్లద్దాలు పైకి తోసుకుని ఒక్కొక్కటీ తిప్పి చూశాడు.

“ఈ నాలుగు పొడిబట్టతో తుడిచి పెట్టుకోండి. ఈ ఆరూ వద్దు. స్టేషన్‌లో ఇచ్చేయండి. తోమడాలు, గీకడాలు చెయ్యొద్దు. పైన చిలుము పోతుంది, లోపల మందుకు పట్టిన తడి పోదు.”

“కొత్తవి ఇయ్యి సామీ,” అన్నాడు ఈయన.

“లైసెన్సు?”

రెన్యువల్ అర్జీ ఇచ్చి మూడేళ్లయింది. చేతిలో ఉన్నది రసీదు. కొట్టాయన దాన్ని చదివి, మడత చెడకుండా వెనక్కి ఇచ్చాడు. రసీదు మీద తూటాలు అమ్మరు.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాం. ఆరు స్టేషన్‌లో ఇస్తే ఎందుకు పాడయ్యాయని అడుగుతారు. ఆయన సంతకం వాళ్ల దగ్గరుంది. ఆ మాట మీద రెన్యువల్ ఆగిపోతే తుపాకీ పోతుంది, తుపాకీ పోతే ఉద్యోగం లేదు. ఆయనకు అరవై ఒకటి.

“నాలుగు మంచివి ఉన్నాయి కదా మామా, పరీక్షకు రెండు చాలు,” అన్నాను.

“పట్టీలో పది ఉండల్లప్పా. పరీక్ష చేసేవాడు పట్టీ కూడా చూస్తాడంట. పచ్చగా ఆరు కనపడితే ఊరుకుంటాడా?”

పరీక్ష రోజు పొద్దున వర్తూరులో వాళ్ల గదికి వెళ్లాను. గడప పక్కన గోనెపట్టా మీద పది తూటాలు ఎండకు పెట్టి ఉన్నాయి. పదీ ధగధగా మెరుస్తున్నాయి. ఆయన భార్య భాగీరథమ్మ చేతులు కడుక్కుంటూ ఉంది.

“చింతపండు, ఉప్పు, బూడిద,” అంది నవ్వుతూ. “దేవుడి సామాను ఇట్లే తోముతాను. యెట్లుండాయి చూడు.”

“పదీ తోమారా అక్కా?”

“ఆరే తోమితే తక్కినవి మాసినట్లుండాయని ఈయనే అన్నాడు. అన్నీ ఒకటే మాదిరి ఉండల్లంట.”

ఆయన ఒకటి తీసి చెవి దగ్గర ఊపాడు. పెట్టి ఇంకొకటి తీశాడు. అప్పుడు అర్థమైంది నాకు. ఆ మంచి నాలుగూ ఏవో ఇప్పుడు ఆయనకు తెలియదు. ఎవరికీ తెలియదు.

పరీక్షకు వెళ్లొద్దని చెప్పాల్సింది. చెప్పలేదు. చెబితే ఉద్యోగం నా నోటితో తీసినట్టవుతుందని ఊరుకున్నాను. ఊరుకోవడానికి ఎప్పుడూ ఒక మంచి కారణం దొరుకుతుంది.

క్వారీలో పరీక్ష చేసేది జ్ఞానప్రకాశం, మిలిటరీలో సుబేదారుగా చేసి వచ్చినవాడు. పట్టీ చూసి, “ఏం పెద్దాయనా, పెళ్లికొడుకులా తెచ్చావే,” అన్నాడు. చిక్కమునియప్ప పట్టీ మీద వేళ్లు ఆడించాడు. రెండింటి దగ్గర ఆగాడు, వదిలేశాడు, చివరికి కొసన ఉన్న రెండు తీసి గొట్టాల్లో పెట్టాడు.

కుడి గొట్టం పేలింది. రాతిగోడ మీద దుమ్ము లేచింది. పిల్లప్ప ఈల వేశాడు.

ఎడమ గొట్టం మీట నొక్కితే, తడి టపాకాయలా తుస్సుమంది. గోడ మీద ఏమీ లేవలేదు.

“ఇంకొకటి, ఇంకొకటి కాలుస్తా సార్,” అంటూ ఆయన తుపాకీని మడత దగ్గర తెరిచి, ఖాళీది తీసి పారేసి, అదే గొట్టంలో మూడోది దోపాడు.

“ఆపు! వేలు తియ్యి! కింద పెట్టు, కింద పెట్టు!”

జ్ఞానప్రకాశం పరుగెత్తుకొచ్చి తుపాకీ లాక్కున్నాడు. మూడోది బయటికి తీసి, గొట్టాన్ని ఆకాశానికి ఎత్తి వెనక నుంచి చూసి, నన్ను కూడా చూడమన్నాడు. అవతల వెలుతురు లేదు. తూటాలోని బిళ్ల, గుళ్లు సగం దారిలో ఇరుక్కుని ఉన్నాయి. దాని వెనక మూడోది పేలితే గొట్టం చీలి ఆయన ఎడమచెయ్యి పోయేది.

“దేంతో తోమావు?”

నేనే చెప్పాను.

జ్ఞానప్రకాశం తిట్టలేదు. తిట్టినా బాగుండేది. “తక్కినవి రేపే స్టేషన్‌లో ఇచ్చెయ్యి. ఒక్కటి కూడా ఇంట్లో ఉంచొద్దు,” అని, కాగితం మీద ఆయన పేరు పక్కన గీత గీశాడు.

“పనిలోనన్నా ఉంచండి సార్. కట్టె పట్టుకుని నిలబడతా.”

“వ్యానుకు కట్టె ఎందుకు పెద్దాయనా?”

ఆ తర్వాత ఆయన్ను ఒక్కసారే చూశాను. సర్జాపుర రోడ్డులో ఒక మాల్ వాకిట్లో, సంచులు పెడితే లోపలి వస్తువులు తెర మీద కనపడే యంత్రం పక్కన, పెద్ద సైజు యూనిఫారంలో నిలబడి ఉన్నాడు. నిలబడేది పన్నెండు గంటలట, కాళ్లు వాచి ఉన్నాయి. గొట్టం బాగు చేయించాడట. ఇంకో ఏజెన్సీ గన్‌మ్యాన్‌గా తీసుకుంటానందట, తుపాకీతో పాటు పేలే తూటాలు చూపిస్తే.

“ఆ ఎనిమిదీ స్టేషన్‌లో ఇచ్చేశావా మామా?”

ఆయన అటూ ఇటూ చూసి నన్ను దగ్గరికి లాగాడు.

“ఎట్ల ఇచ్చేదప్పా? ఎనిమిదిట్లో మూడన్నా మంచివి ఉండాయి. ఈ మిషన్‌లో దువ్వెన పండ్లు కూడా కనపడతాయి. నువ్వు పుస్తకాలు చదివేవాడివి, చెప్పు. ఒక పొద్దున సంచిలో ఏసి తెచ్చి దీంట్లో పెడితే, యాది తడిసిందో యాది మంచిదో కనపడదా?”