బొమ్మలేసినాయన

పాల్వంచ దాటినంక భద్రాచలం బస్సు అడవిలోకి వచ్చింది. నా ఒళ్లో ఒక పాత ఇంగ్లిష్ బొమ్మల కథ జిరాక్సులు ఉన్నయి. కిటికీలోంచి పడే ఆకుల నీడలు కాగితాల మీద కదులుతుంటే, అందులోని గుర్రాలు నిజంగనే పరుగెత్తుతున్నట్టు అనిపించింది.

పక్క సీట్ల ఇప్పపువ్వు మూట పట్టుకొని కూసున్న పెద్దామె చాలాసేపు వాటినే చూసింది.

"గీ బొమ్మలు నువ్వే ఏసినవా, బిడ్డా?"

"కాదమ్మా. లండన్‌ల ఎవరో ఎప్పుడో ఏసిండు. తెలుగుల మళ్ల అచ్చేద్దామని హక్కులు కొన్న. అక్కడి పుస్తకాల కంపెనీ సంతకం పెట్టింది గాని, ఆయన పేరు వాళ్లకే తెల్వదు. అప్పట్ల బొమ్మలేసినోళ్ల పేర్లు పుస్తకంల అచ్చెయ్యకపోయేటోళ్లట."

"మరి ఆయన్ని అడగలే?"

నాకు కొంచెం కోపమే వచ్చింది. "ఎక్కడని అడగాలె? ఉన్నడో లేడో!"

ఆమె మూట మీద చెయ్యేసి నిమిరింది. "పువ్వు ఏరే తొలిరోజు మా ఇంటోళ్లం చెట్టును అడుగుతం."

"చెట్టేం చెప్తది?"

"ఏం చెప్పదు. అడిగినంక జర సేపు ఆగుతం. గంతే."

భద్రాచలం ఇంకా రాకముందే ఆమె ఒక మట్టి బాట దగ్గర దిగిపోయింది. ఇప్పపువ్వు వాసన మాత్రం కాగితాలను వదల్లేదు.

కొన్ని నెలలకు ప్రెస్సాయన ఫోన్ చేసిండు. "మీ బొమ్మల పుస్తకం అంతా రెడీ సార్. మిషన్ ఎక్కియ్యమంటరా?"

అప్పటికే నా చెయ్యి మొదటి పేజీల గుర్రాల మీద ఉంది.

"జర సేపు ఆగుండ్రి" అని చెప్పిన.