గరికకు విత్తనం

మా అపార్టుమెంటు ముందు గడ్డి కోసే యంత్రం ఆగాక కాసేపు పచ్చి వాసన నిలుస్తుంది. అది ముక్కుకు తగిలితే నాకు బాలమ్మ గుర్తొస్తుంది. ఆ గుర్తులో సంతోషం పాలెంతో, సిగ్గు పాలెంతో ఇన్నేళ్లయినా తేల్చుకోలేకపోతున్నాను.

రెండువేల తర్వాతి సంవత్సరాల్లో నేను వనపర్తిలో టీచరుగా ఉండేదాన్ని. మా పాపకు రెండేళ్లు నిండుతున్నా నడక రాలేదు. బండల మీద పడి పెదవి చిట్లినప్పటి నుంచి కాలు కింద పెడితే ఏడుపే. మెత్తటి గడ్డి మీద ఒట్టి కాళ్లతో నిలబెట్టమన్నాడు డాక్టరు. మా ఎర్రమట్టి వీధిలో మెత్తటి గడ్డి ఎక్కడిది? ఇంటి ముందు నాలుగు మంచాలు పట్టే జాగాలో నేనే పెంచుదామనుకున్నాను. హైదరాబాదులో విత్తనాల కొట్టతను "ఎండకా, నీడకా?" అని అడిగితే తెల్లమొహం వేసి, అతనిచ్చిందే తెచ్చుకున్నాను. తొలకరి పడగానే మట్టి గుల్లచేసి, పశువుల ఎరువు కలిపి, విత్తనం చల్లి, రెండు పూటలా నీళ్లు చిలకరించాను. కొద్దిరోజులకు సన్నగా పచ్చదనం కనిపించింది. దాన్ని చూసుకోవడానికే పొద్దున్నే లేచేదాన్ని.

బాలమ్మ మా పక్క వాటాలో కొడుకు దగ్గర ఉండేది. మానవపాడు దగ్గర వాళ్ల చేనుంది. పట్నంలో చేతులకు పనిలేక ఆమెకు పొద్దుపోయేది కాదు. ఒకరోజు నేను బడి నుంచి వచ్చేసరికి జాగా నున్నగా ఉంది. గేటు పక్కన పీకిన గడ్డి కుప్ప.

"ఎంత గరిక మొలిచిందో బిడ్డ. ఒక్క పోచ లేకుండ తీసేసిన. ఇగ పూలచెట్లు పెట్టుకో," అంది, చేతులు దులుపుకుంటూ.

"గరిక గాదు పెద్దమ్మా. పాప నడవనీకె నేను ఇత్తనం తెచ్చి చల్లిన. అడగకుండ మా వాకిట్ల నీకేం పని?"

ఆమె కుప్పలోంచి ఒక పోచ తీసి చూసింది. "గరికకు గూడ ఇత్తనం కొంటరా?" అంది. వెటకారం కాదు, నిజంగానే అర్థం కాలేదామెకు. మరునాడు మా సైన్సు మాస్టారు విత్తనాల ప్యాకెట్ మీది శాస్త్రీయనామం చదివి, ఇది గరికేనమ్మా అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

నాలుగు రోజులు బాలమ్మ కనిపించలేదు. ఐదో రోజు తడి గోనెసంచితో వచ్చింది. చేని గట్టు మీది గరిక. వేలెడు ముక్కలుగా తుంచి, వరసగా గుచ్చసాగింది.

"గింజ కంటె గణుపు మేలు, జల్ది పాకుతది. నలభై ఏండ్లు దీన్ని పీకుడే తెలుసు బిడ్డ. పెట్టుడు ఇదే మొదలు. నాకే తిక్కతిక్కగున్నది."

నేను చెంబుతో నీళ్లు పోస్తూ నిలబడ్డాను.

దసరాకల్లా గడ్డి కమ్ముకుంది. ఒక సాయంత్రం బాలమ్మ అందులో తుంగ కలుపు ఏరుతుంటే, పాప మెట్టు పట్టుకుని లేచింది. నేను చేతులు చాచాను. పాప నా వైపు చూసి, తిరిగి, బాలమ్మ దాకా నాలుగడుగులు వేసింది. చేతులకు మట్టి ఉందని ఆమె మోచేతులతోనే పాపను పొదివి పట్టుకుంది. నాకు ఏడుపొచ్చింది. అందులో అసూయ కూడా ఉంది.

గడ్డి వల్ల నడిచిందో, బాలమ్మ వల్ల నడిచిందో, వయసొచ్చి నడిచిందో నాకు తెలియదు. ఎవరైనా మేలు చేయబోయి నా పని పాడుచేస్తే మాత్రం ఇప్పుడు ముందు నోరు మూసుకుంటాను. నోరు తెరవాల్సిన చోట తెరవడమే నేర్చుకోలేదు. తప్పయిందని ఆమెతో ఎప్పుడనాల్సింది? గోనెసంచి విప్పినప్పుడా, పాపను పట్టుకున్నప్పుడా? రెండుసార్లూ ఆమె నా ఎదురుగానే ఉంది.