అందరి జవాబూ ఒకటే

మ్జూజూ నగరంలో మా విశ్వవిద్యాలయం వెనక, పాత గిడ్డంగి గదుల్లో మేం నలుగురం పనిచేస్తాం. పాఠాలు చెప్పేది డాక్టర్ మ్కండవైరే గారు. కంప్యూటర్లు చూసుకునేది లుసుంగు. గొంతులు రికార్డు చేసేది నేను. మా ముగ్గురి పనినీ ఒకచోట చేర్చి, ఎక్కడో ఉన్న మనిషి ఫోన్లోకి వెళ్ళే కోర్సుగా మలిచేది వేజీ ముంథలి. ఫీజు లేదు, అర్హతలు అడగం. నేర్చుకోవాలని ఉంటే ఎవరైనా చేరొచ్చు. ఒక్కో కోర్సులో వేలమంది చేరతారు.

వేజీకి ఒక అలవాటు ఉంది. తయారైన ప్రతి పాఠాన్నీ మినీబస్సులో కూర్చుని, చవకరకం ఫోన్లో వింటుంది. పక్కన కోళ్ళ గంప, తలుపు దగ్గర కేకలేసే కండక్టరు. ఆ గోలలో ఒక్క మాట వినపడకపోయినా బస్సు దిగి తిన్నగా నా గదికి వస్తుంది.

"అన్నా, మళ్ళీ చదివించాలి," అంటుంది.

"నా దగ్గర బాగానే వినపడుతోందిగా."

"నీ గదిలో ఎవరు చదువుకుంటారు? బస్సులో చదువుకుంటారు."

ఇంక నేను మైకు సర్దుకుంటాను.

మా మొదటి కోర్సు, వందకు పైగా పిల్లలున్న తరగతిని ఒక్క టీచరు ఎలా నడపాలన్నదాని మీద. మా బడుల్లో అది రోజూ ఉన్న అవస్థే. పరదేశపు సంస్థ ఒకటి నడిపే పెద్ద వేదిక మీద దాన్ని పెట్టాం. డాక్టరు గారు కోటు తొడుక్కుని, కెమెరా ముందు నిలబడి, వీడియోకి నలభై నిమిషాల చొప్పున చెప్పారు. ఇక్కణ్ణుంచే కాక, పక్కనున్న జాంబియా నుంచీ టాంజానియా నుంచీ కూడా టీచర్లు చేరారు. మూడో వారం వచ్చేసరికి చాలామంది మాయమయ్యారు. ఆ సంస్థవాళ్ళని అడిగితే, ఇలాంటి కోర్సుల్లో అది ఎక్కడైనా మామూలేనని జవాబు రాశారు.

వేజీకి ఆ మాట మింగుడుపడలేదు. మానేసినవాళ్ళకి తనే ఫోన్లు చేసింది. ఒకావిడ రెండు వీడియోలు చూసేసరికి నెలకి సరిపడా డేటా అయిపోయింది. ఇంకొకాయన, "చెప్పింది బాగానే ఉందమ్మా. కానీ పొద్దున్నే బడికెళ్ళి నేను ఏం చెయ్యాలో అందులో లేదు," అన్నాడట.

అంతే, కోర్సు మొత్తం విప్పేసింది. వీడియో తీసేసి గొంతు మాత్రమే ఉంచింది. పాఠం చిన్నది. దాని చివర, మర్నాడు తరగతిలో చెయ్యాల్సిన పని ఒకటి. చేశాక ఏమైందో రాయాలి. ఒకరు రాసింది ఇంకొకరు చదివి దిద్దాలి. వేలమంది రాసింది మేం నలుగురం దిద్దలేం కదా.

డాక్టరు గారు ఆ కొత్త పాఠం విని కళ్ళజోడు తీశారు. "నా నలభై నిమిషాల్నీ నాలుగు నిమిషాలు చేశావు. మిగతాది కోళ్ళకి వేశావా?"

"లేదు డాక్టరు గారూ. ప్రశ్నలు చేసి టీచర్లకి వేశాను."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని నవ్వేశారు.

రెండోసారి కోర్సు బాగా సాగింది. జనం నిలబడ్డారు. అలా సాగుతుండగా ఒకరోజు వేదికవాళ్ళ నుంచి కబురొచ్చింది. రుంఫీ కొండల కింద ఒకే ప్రాంతం నుంచి ముప్ఫైమందికి పైగా టీచర్లు అక్షరం పొల్లుపోకుండా ఒకే జవాబు పంపారట. జవాబులు పోల్చిచూసే వాళ్ళ యంత్రం కాపీ అని పట్టుకుంది. వాళ్ళందరి ఖాతాలూ మూసేశారు.

డాక్టరు గారికి కోపం వచ్చింది. "టీచర్లయ్యుండి కాపీ కొట్టారా? మూసెయ్యడమే మంచిది."

వేజీ ఆ జవాబుని రెండుసార్లు చదివింది. "కాపీ కొట్టారంటే అసలు జవాబు ఇంకెక్కడో ఉండాలి కదండీ. ఇలాంటిది వేరే ఎవరూ రాయలేదు. వీళ్ళు ఎవర్ని చూసి కొట్టారు?"

వెళ్ళి వాళ్ళనే అడుగుదామంది. శనివారం ఉదయం వేజీ, నేను రుంఫీ బస్సెక్కాం. అక్కణ్ణుంచి మొక్కజొన్న బస్తాల లారీ. వాగు పొంగి లారీ ఆగిపోతే, చెప్పులు చేత్తో పట్టుకుని దాటి నడిచాం.

బడి దగ్గరికి వెళ్ళేసరికి లోపల పెద్ద గొడవ. చుట్టుపక్కల బడుల టీచర్లందరూ ఒకే గదిలో ఉన్నారు. మధ్యలో ఖాళీ పింగాణీ బేసిను, అందులో ఒక ఫోను. బేసిను వల్ల గొంతు గదంతా వినపడుతోంది. అది డాక్టరు గారి గొంతు. ఆయన ఒక మాట చెప్పగానే ఫోను ఆపుతున్నారు, వాదించుకుంటున్నారు.

ఆ బడి ప్రధానోపాధ్యాయురాలు తఫ్వాచి మ్సిస్కా మమ్మల్ని చూసి లేచి వచ్చింది. మేం ఎవరమో చెప్పాక ఆవిడ మొహం గంభీరమైంది.

"మమ్మల్ని దొంగలన్నది మీరేనా?"

"మేం కాదమ్మా, యంత్రం," అంది వేజీ. "అందుకే మనుషులం వచ్చాం."

ఆవిడకి నవ్వొచ్చింది. ఇద్దరికీ బల్ల చూపించింది, టీ, మండాసి అనే నూనెలో వేయించిన బూరెలు తెప్పించింది. "ఇక్కడ సిగ్నల్ లేదు తల్లీ. మా కుర్ర మాస్టరు కొండెక్కి పాఠం దింపుకొస్తాడు. శనివారం అందరం కూర్చుని వింటాం, పోట్లాడుకుంటాం. ఆఖరికి ఒప్పుకున్నది రాసుకుంటాం. తర్వాత అతనే మళ్ళీ కొండెక్కి అందరి పేర్ల మీదా పంపుతాడు. అందరం కలిసి వండుకున్న మొక్కజొన్న సిమా ముద్ద మరి. నీ పళ్ళెంలోదే నా పళ్ళెంలోనూ ఉందేంటని అడుగుతారేంటి మీవాళ్ళు?"

ఆ రోజు వాళ్ళ వాదన, అంత పెద్ద తరగతిలో ప్రతి బిడ్డ చదివేదీ టీచరు చెవిన పడేదెలా అని. ఒకాయన పిల్లల్ని వరసలుగా విడదీసి చదివించానన్నాడు. వెనక వరస నిద్రపోతుందని ఒకావిడ కొట్టిపారేసింది. తనైతే జతలుగా కూర్చోబెట్టి, ఆ జతల మధ్య తిరుగుతానంది. "నీకు మోకాళ్ళు బాగున్నాయి కాబట్టి తిరుగుతావు," అని వెనక నుంచి ఇంకొకావిడ అంటే గది గొల్లుమంది. వేజీ టీ తాగడం మర్చిపోయింది. నా చెవిలో, "అన్నా, నేను కాగితం మీద గీసుకున్న కోర్సు ఇదే. నాకంటే ముందు వీళ్ళు కట్టేశారు," అంది.

తిరిగొచ్చాక వేదికవాళ్ళకి అంతా వివరంగా రాసింది. ఖాతాకి ఒక మనిషే, నియమం మారదు అన్నారు వాళ్ళు. అయితే మన వేదిక మనమే నడుపుకుందాం అంది వేజీ. ఎవరైనా ఉచితంగా వాడుకుని మార్చుకోగల సాఫ్ట్‌వేరు ఉంది. లుసుంగు చెయ్యగలనన్నాడు. డాక్టరు గారే వెనకాడారు. పెద్ద సంస్థ పేరు లేకపోతే కోర్సు చివర మనమిచ్చే పట్టా ఎవరు చూస్తారని ఆయన భయం.

"ఒక్క శనివారం నాతో రండి. తర్వాత మీరు ఎలా అంటే అలాగే," అంది వేజీ.

ఆయన వచ్చారు, ఈసారి కోటు లేకుండా. ఆ గదిలో పొద్దువాలేదాకా కూర్చున్నారు. ఫోన్లోని గొంతు మనిషై వచ్చిందని టీచర్లు ఆయన్ని వదల్లేదు. తిరుగుదారిలో వాగు ఒడ్డున ఆగి అన్నారు: "ఇన్నేళ్ళు కెమెరాకి చెప్పాను వేజీ. అది ఒక్కసారైనా నన్ను తిరిగి ప్రశ్న అడగలేదు. కట్టు నీ వేదిక."

వేజీ కట్టింది. అందులో ఒక బృందం మొత్తం కలిసి చేరొచ్చు. పాఠాలు ఒకసారి దింపుకుంటే, నెట్ లేకుండానే ఎన్నిసార్లయినా వినొచ్చు. జవాబు బృందమంతా కలిసి ఒకటే పంపొచ్చు. కానీ తన తరగతిలో ఆ పని చేస్తే ఏమైందో మాత్రం ఎవరికి వాళ్ళే, తన గొంతుతో, తుంబుకలోనో చెవాలోనో ఇంగ్లీషులోనో చెప్పి పంపాలి. ఎవరి తరగతి వాళ్ళది కదా, అది అరువుకి దొరకదు. మొదటి రోజు జనం ఒక్కసారిగా వచ్చిపడి వేదిక కుప్పకూలింది. లుసుంగు తిండి మానేసి కూర్చుని లేపాడు.

ఈసారి చేరినవాళ్ళలో సగానికి పైగా చివరిదాకా వచ్చారు. ఇలాంటి కోర్సులు నడిపే పక్క దేశాలవాళ్ళు నమ్మలేక, చూసిపోదామని వచ్చారు. మా పాత గిడ్డంగిలో, చాలని కుర్చీల మీద సర్దుకుని కూర్చుని, వేజీ బోర్డు మీద గీసింది రాసుకున్నారు. ఒకాయన వేజీని ప్రొఫెసర్ గారూ అని పిలిచాడు. తను సరిదిద్దబోతే డాక్టరు గారు అడ్డం వచ్చి, "ఉండనీ, బాగానే ఉంది," అన్నారు.

తర్వాతి కోర్సు మేం అనుకున్నది కాదు. రుంఫీ బృందమే అడిగింది, చిన్నపిల్లలకి తుంబుకలో చదవడం నేర్పడం మీద తామే పాఠాలు చెప్తామని. తఫ్వాచి గారు కొత్త గౌను, తలగుడ్డతో నా గదికి వచ్చి మైకు ముందు కూర్చుని, రేడియో వార్తల్లా బిగుసుకుని ఇంగ్లీషులో మొదలుపెట్టారు. వేజీ ఆపింది.

"అమ్మా, అలా కాదు. మోకాళ్ళ గురించి వెక్కిరించినావిడ ఎదురుగా ఉందనుకోండి."

"ఆవిడకైతే ఇలా చెప్పను, తిడతాను."

"తిట్టండి. మేం రికార్డు చేసుకుంటాం."

తఫ్వాచి గారు పగలబడి నవ్వారు. ఆ నవ్వు ఆగీ ఆగకుండానే తుంబుకలో మాట అందుకున్నారు. నేను నవ్వు కూడా పాఠంలోనే ఉంచేశాను. వేజీ దాన్ని ఫోన్లోకి ఎక్కించుకుని మినీబస్సు ఎక్కింది.