విజేత అంగీ

ముసునూరులో జాకెట్లు కుట్టే షీబాకు మనిషి మొహం కంటే ముందు భుజాలు కనబడతాయి. చర్చిలో ప్రార్థనకు కళ్లు మూసుకోబోతూ కూడా ముందు వరుసలో ఎవరి మెడ కుట్టు వంకర పోయిందో చూసుకుంటుంది. మామిడి కోతలకు ఆడవాళ్లంతా తోటలకు వెళ్లే రోజుల్లో పని తగ్గితే, మిషను పక్కన ఫోను నిలబెట్టుకుని యానిమే అనే జపాను బొమ్మల కథలు చూస్తుంది. కథలో వీరుడు ప్రాణం విడుస్తున్నా ఆమె చూపు అతని అంగీ మీదే ఉంటుంది.

ఈ షీబా నాలుగు నెలలు కూర్చుని ఎర్రటి యోధురాలి వేషం కుట్టుకుని, యానిమే అభిమానుల మేళాలో వేషాల పోటీకని మొదటిసారి హైదరాబాద్ వెళ్లింది. హాల్లో అడుగుపెట్టిన కాసేపటికే పక్కనున్నతని పొడవాటి అంగీ భుజం దగ్గర పర్రుమని చిరిగింది. "కదలకండి" అంటూ సంచిలోంచి సూది తీసింది. అది కుట్టేలోపు "అక్కా, నాదొక్కటి" అంటూ వెనక నలుగురు చేరారు. అందరినీ పంపి తలెత్తేసరికి, మైకులో ఆమె పేరు మూడుసార్లు పిలిచి వదిలేశారు. మొదటి బహుమతి ఆ పొడవాటి అంగీకే వచ్చింది. "ఈ భుజం పని ఎవరిదండీ?" అని స్టేజీ మీద అడిగితే, "అంతా నేనేనండీ" అన్నాడతను. అతను దిగగానే షీబా ఎదురెళ్లింది. అతని మొహం పాలిపోయింది.

"కింది అంచు ఎడమవైపు అంగుళం దిగిందండీ. నిలబడండి, రెండు నిమిషాలు" అంది షీబా.

మర్నాడు ఫోన్లలో తిరిగిన ఫొటోలో, కప్పు పట్టుకుని నవ్వుతున్న విజేత కాళ్ల దగ్గర ఒక ఎర్రటి యోధురాలు మోకరిల్లి ఉంది. పోజు అద్భుతమని అందరూ మెచ్చుకున్నారు.